మూత మీద నీళ్లు

పక్కవాటాలవాళ్లు ఆవిడని చాటుగా చప్పిడి పిన్ని అంటారు. భర్తకి గుండెపోటు వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో నూనె చుక్క లేదు. మందపాటి గిన్నెలో కూరముక్కలు వేసి, ఉప్పు చల్లి, సన్నని సెగ మీద పెట్టి, గుంటమూతలో నీళ్లు పోస్తుంది. ఆవిరి చల్లబడి మళ్లీ ముక్కల మీదే కారుతుంది. మూతలో నీళ్లు ఇగిరితే కూర మాడుతుంది కాబట్టి ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి కదలదు. ఆయన మాత్రం కంచం ముందు కూర్చుని, "ఇంతకంటే గడ్డి పెట్టవే, నయం" అంటాడు. రెండు కూరలు వండే ఓపిక లేక ఆవిడా ఆ గడ్డే తింటుంది.

మొన్న డాక్టరు రిపోర్టు చూసి భేష్ అన్నాడు.

"నోరు కట్టుకున్నానండీ, మాటలా!" అన్నాడాయన.

"మరి మీరేం తింటారమ్మా?" అని డాక్టరు అడిగితే, ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "దానికేం, దుక్కలా ఉంది. అన్నీ లాగిస్తుంది."

ఆ సాయంత్రం ఆయన షికారుకి వెళ్లగానే ఆవిడ చిన్న గిన్నె పట్టుకుని పక్కవాటాకి వెళ్లింది.

"మీ ఇంటికి నూనా, పిన్నీ!" అని నోరు నొక్కుకుంటూనే పోసిందా ఇల్లాలు.

ఆవిడ ఇంటికొచ్చి తనకి ప్రాణమైన బంగాళాదుంపలు ఎర్రగా వేయించి, కసిగా ఒక ముక్క నోట్లో వేసుకుంది. నాలుకంతా జిడ్డుకట్టింది. రెండో ముక్క మింగుడుపడలేదు. వేపుడంతా చెత్తబుట్టలో వంపి, రాత్రికి ఎప్పటి చప్పిడి కూరే పొయ్యి మీద పెట్టింది.

ఆయన గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చాడు. "కమ్మగా వేయించుకు తిన్నావన్నమాట! డాక్టరుతో నేను ఊరికే అన్నానా?"

ఆవిడ మూతలో నీళ్లు పోసింది.