సోడా నీళ్లలో పోయిన ఆకుపచ్చ

తమ్ముడి దినాలు అయిపోయాక మా అమ్మ, మేం అవ్వ అంటాం, వాడి సంచి విప్పింది. బట్టల మధ్య వేలెడంత గాజు పలకలు మూడు దొరికాయి. వాటి మీదున్న ఆకుపచ్చ పొరను పాచి అనుకుంది. బట్టల సోడా నీళ్లలో వేసి పీచుతో రుద్దింది. రెండు పలకల మీద పొర లేచిపోయింది. మూడోది నీలంగా మారింది.

అనుమానం వచ్చి మా ఊరు ఇచ్చోడ నుంచి నాకు ఫోన్ చేసింది. నేను కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను.

"వాని అద్దం ముక్కలు ఖరాబ్ చేసిన బిడ్డా. పచ్చదనం పోయింది. మల్ల అస్తదా?"

అది పాలిఅనిలీన్. కరెంటు పారే ప్లాస్టిక్. తమ్ముడి పరిశోధన అంతా దాని మీదే. ఒకసారి మా ఇంట్లో ఆ పలకను అమ్మోనియా సీసా మూతి దగ్గర పెట్టి, నీలంగా మారడం చూపించాడు.

"పెండ్లి మాటెత్తితే నీ మొఖం గిట్లనే మారుతది" అన్నాను.

"గిది మల్ల మామూలైతదక్కా. నేను గాను."

అది గుర్తుంది కాబట్టే అవ్వతో, "అస్తది, తీస్కరా" అన్నాను.

ఆదివారం అవ్వ వచ్చింది. పలకను చేతిరుమాలులో చుట్టి తెచ్చింది. ఖాళీ ల్యాబ్‌లో స్టూలు మీద కూర్చోబెట్టాను. తీగలు నీలం పొరకు ఆనిస్తే కరెంటు పారడం లేదని మీటరు చూపింది. పలకను పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచాను. నిమిషం కాకముందే ఆకుపచ్చ తిరిగొచ్చింది. మీటరులో అంకె కదిలింది.

జరిగింది ఇంతే. ఆమ్లంలోని ప్రోటాన్లు ఆ ప్లాస్టిక్ అణువు పొడవాటి గొలుసులోని నైట్రోజన్లను పట్టుకుంటాయి. గొలుసులో ఎలక్ట్రాన్లు సర్దుకుని, అక్కడక్కడ ధనావేశాలు కదలడానికి వీలవుతుంది. కరెంటును మోసేవి అవే. అవి వచ్చాక పొర మింగే వెలుతురు కూడా మారుతుంది. ఇదివరకు నారింజ, ఎరుపు వెలుగును మింగి నీలాన్ని వదిలేది. ఇప్పుడు ఒక వైపు ఊదాను, మరో వైపు ముదురు ఎరుపునూ దాని అవతల కంటికి కనపడని వెలుగునూ మింగి ఆకుపచ్చను వదులుతుంది. ప్రతి ధనావేశం పక్కనా ఆమ్లం తాలూకు ఒక ఋణ అయాన్ ఉండాలి. సోడా లాక్కునేది ఆ ఆమ్లాన్నే.

అవ్వ వెంట తెచ్చిన వాడి నోటు పుస్తకంలో, ఈ పొరకు వాడు వాడిన ఆమ్లం పేరు వేరే ఉంది. కర్పూరం నుంచి చేసేది. మా ల్యాబ్‌లో లేదు.

అవ్వ పలకను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"వాడు వెట్టిన పచ్చనేనా గిది?"

అవునంటే అయిపోయేది.

"ప్లాస్టిక్ వాడు చేసిందేనవ్వా. పచ్చ చేసిన మందు నాది."

"మరి వాడు వెట్టింది?"

"సోడా నీళ్లల్ల పోయింది."

"ఆ నీళ్లు మోరీల వారబోసిన" అంది అవ్వ. ఏడవలేదు. రుమాలు మడిచి సంచిలో పెట్టుకుంది. పలకను మాత్రం బల్ల మీదే వదిలేసింది.

"తీస్కపోవా?"

"నీదే కదా బిడ్డా. నీ తాననే ఉంచుకో."

బస్టాండుకు తీసుకెళ్లి అవ్వను బస్సెక్కించి వచ్చాను.

పలక నా సొరుగులో ఉంది. ఉన్నకొద్దీ ఆమ్లం కొంచెం కొంచెంగా గాలిలోకి పోతుంది. అంచుల్లో నీలం మొదలైంది. మళ్లీ ముంచితే ఆకుపచ్చ వస్తుంది. ముంచలేదు.