తెగిపోయిన నారిపురుగు

యుద్ధం రోజులవి. మా మేనత్త సి.బెళగల్ దగ్గరి పల్లె నుంచి ఆదోనికి, మా ఇంటికి బండిలో వచ్చింది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం నిండు చూలాలిలా ఉంది. వెంట కోడలు. దిగీ దిగకముందే అత్త మొదలుపెట్టింది: "ఇదో, ఈ మహాతల్లి సేసిన ఘనకార్యం సూడండప్పా!"

ఆ పల్లెల్లో దిగుడుబావి నీళ్ళు తాగేవాళ్ళకు నారికురుపు రాని ఏడు లేదు. కాలి పుండులోంచి దారంలాంటి పురుగు తల బయటపెడితే, చీపురుపుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి. తొందరపడితే తెగుతుంది. అత్త కాలి పురుగు కోడలి చేతిలో తెగింది. ఆ ముక్కే పైకి పాకి కడుపులో చేరిందని ఊరంతా తీర్మానించింది. ఆముదం పట్లు వేశారు, ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నారు. ఆస్పత్రి మాట ఒక్కరికీ తోచలేదు, ఏం మనుషులో!

మా నాయన పట్టుబట్టి ఆస్పత్రిలో చేర్చాడు. డాక్టరు కడుపు కోసి, నీరు తీసి చూస్తే లోపలి పొరలో నిజంగానే నారిపురుగు ఉంది. కానీ అది మొన్న తెగినది కాదు, ఎప్పుడో చచ్చి సున్నంలా గట్టిపడినది. దాని చుట్టూ, పొర పొడుగునా రాచపుండు, అదే క్యాన్సరు, పాకి ఉంది. పురుగుతో ప్రాణానికేం కాదనీ, పుండుకు మాత్రం తను చేయగలిగింది లేదనీ డాక్టరు చెప్పాడు.

నాయన అత్తకు సగమే చెప్పాడు. "నారిపురుగు దొరికిందక్కా." మిగతా సగం అత్తకు గానీ కోడలికి గానీ చెప్పొద్దని మా చేత ఒట్టు వేయించుకున్నాడు. అత్త మొహం వెలిగిపోయింది. "నేను సెప్పలేదా! ఈ పాపిష్టిది తెంపకపోయింటే నాకీ కోత ఉండేదా?" కోడలు ఆమె కాళ్ళు పిసుకుతూనే ఉంది.

ఇంటికొచ్చాక కడుపు మళ్ళీ ఉబ్బింది, తిట్లూ పెరిగాయి. ఒకరోజు జొన్నరొట్టె తడుతూ ఆ పిల్ల నాతో అంది: "ఆ పురుగు తెంపి, నా సేతులతోనే ఆయమ్మను సంపుతాండానక్కా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒట్టూ గిట్టూ గాలికొదిలి నేరుగా అత్త మంచం దగ్గరికి పోయాను.

"అత్తా, ఆ పురుగు ఎప్పటిదో పాతదంట. నీకుండేది రాచపుండు. నీ కోడలి తప్పు గోరంత లేదు."

అప్పుడేసింది నాకు భయం.

"అయితే నేను బతకనా?"

నేను తల దించుకున్నాను. ఆమెకు అర్థమైపోయింది.

"ముందే సెప్పకూడదేమే అమ్మీ! ఉత్తపుణ్యానికి ఆ బిడ్డను ఎన్ని మాటలంటి! పిలువు దాన్ని ఈడికి."

కోడలు పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. అత్త ఆ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మొహమంతా పిండి అయినా వదల్లేదు.