మా బావగారి పెరటి ప్రయాణాలు

అత్తారింటికి మొదటిసారి వచ్చిన కొత్తల్లుణ్ణి కొబ్బరిమట్టతో కొట్టిన బావమరిదిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పగతో కాదు, కోపంతో కాదు. ఆయన ప్రాణం కాపాడదామనే కొట్టాను. నవ్వకండి, ముందు సంగతి వినండి.

ఎనభైల మొదట్లో మాట. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను ఇంటర్మీడియెట్ తప్పి, కాకినాడలో రేడియో రిపేరు నేర్చుకుని వచ్చాను. నేర్చుకున్నది రేడియో విప్పడం వరకే. బిగించడం దగ్గరికి వచ్చేసరికి మా మేష్టారు కొట్టు మూసేశారు. అయినా చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు పెట్టుకుని, ఊళ్ళో కరెంటు మొత్తం నా అజమాయిషీలోనే నడుస్తున్నట్టు తిరిగేవాణ్ణి.

బావగారు ఆనందరావుగారిది రాయవరం. హైస్కూల్లో లెక్కల మేష్టారు. చాలా మొహమాటస్తుడు. అన్నంలో రాయి తగిలినా "బాగుందండీ" అని మింగేసే రకం. పెళ్ళయ్యాక వారం రోజులు ఉందామని మొదటిసారి మా ఇంటికి వచ్చారు. వచ్చిన సాయంత్రమే అక్క నన్ను పక్కకి పిలిచింది.

"ఒరేయ్ ప్రసాదూ, ఆయన నోరు తెరిచి ఏదీ అడగరు. నువ్వే కనిపెట్టి చూసుకోవాలి. ఇక్కడేం లోటు జరిగినా మా అత్తగారు నన్ను జీవితాంతం దెప్పుతారు."

"నాకొదిలెయ్యవే" అన్నాను. వదిలేసింది, పిచ్చిది.

ఆ రాత్రే గాలివాన. తెల్లారేసరికి వీధంతా కొబ్బరిమట్టలు, లేత కాయలు. ఊరికి కరెంటు లేదు. మా పెరట్లో మునగచెట్టు కూలి వెనకవైపు కరెంటు స్తంభానికి జారగిలబడింది. ఆ కొమ్మల్లోంచి ఒక తీగ బయటికొచ్చి, పెరటికి అడ్డంగా బురదలో పడుంది.

"ఆగండి!" అని నేను పెట్టిన కేకకి అమ్మ చేతిలో చీపురు జారిపోయింది. "కరెంటు తీగ తెగిపడింది. పెరట్లో ఎవరూ కాలు పెట్టకూడదు."

నాన్నగారు గుమ్మంలోనే ఆగిపోయారు. మామ్మ మాత్రం ముందుకొచ్చింది.

"కరెంటు పోయిందని నువ్వే అన్నావు కదరా?"

"పోయింది మామ్మా."

"పోయిన కరెంటు తీగలో ఎలాగుంటాదిరా?"

"ఏ క్షణాన్నయినా రావచ్చు. అది చెప్పి రాదు."

"మరి ఆ కోడి దానిమీదే నుంచుందేంటి?"

"పక్షులకి షాకు కొట్టదు."

"ఆ పక్కన కుక్క కూడా తొక్కుతోంది."

"దానికింకా తెలీదు" అన్నాను.

అప్పుడు బావగారు వెనకనించి నెమ్మదిగా, "ప్రసాదు గారూ, ఆ టెస్టరు పెట్టి చూస్తే తెలుస్తాదేమోనండీ" అన్నారు.

"పెట్టాలంటే దగ్గరికి వెళ్ళాలండి. దగ్గరికి వెళ్ళడమే ప్రమాదం. ఇది టెక్నికల్ విషయం."

"ఆయ్, మరేనండి" అన్నారు ఆయన. నాన్నగారు కూడా "నేర్చుకుని వచ్చినోడు చెబుతున్నాడు కదా, వినాలి" అనేశారు. కన్నతండ్రి నన్ను అంతగా నమ్మడం అదే మొదటిసారి. నాకు ఒళ్ళంతా పులకరించింది.

ఇక్కడొక చిక్కుంది. నుయ్యి వీధివైపు ఉంది కాబట్టి నీళ్ళకి లోటు లేదు. బట్టలుతికే బండా, మరుగుదొడ్డీ మాత్రం తీగకి అవతల. బట్టలు ఉతక్కపోతే కొంపేం మునగదు. రెండోది వాయిదా వేసేది కాదు. మేమంటే పక్కింటి దొడ్డికి పోతాం. పోనీ బావగారినీ అక్కడికే పొమ్మందామా అంటే, కొత్తల్లుణ్ణి ఆ పనికి పక్కింటికి పంపితే పరువేం కాను? నేనే దారి కనిపెట్టాను. వీధిలోంచి పక్కింటి సువార్తమ్మ పిన్నిగారి అరుగెక్కి, ఆవిడ పెరట్లోకి దిగి, మా వెనక ఉండే రిటైర్డు పోస్టుమాస్టరుగారి వసారాలోంచి నడిచి, దడిలో కంతలోంచి దూరితే సరిగ్గా మా మరుగుదొడ్డి దగ్గర తేలతారు.

బావగారు చెంబు పట్టుకున్నారు. చెంబుతో వీధినపడడం సిగ్గనిపించి, దానిమీద కండువా కప్పుకుని బయల్దేరారు. అదే పొరపాటయింది. కండువా కప్పుకుని అరుగెక్కిన కొత్తల్లుడు ఎందుకొచ్చాడనుకుంటారు ఎవరైనా? మర్యాదకి చూసిపోదామని వచ్చాడనుకుంటారు.

"రండి బాబూ, రండి! ఈ గాలివానలో కూడా మమ్మల్ని చూడ్డానికి వచ్చేరా! కూర్చోండి" అంది సువార్తమ్మ పిన్ని.

"లేదండీ, కొంచెం పనుందండీ..."

"ఏం పనండీ? కరెంటే లేదాయె. ఒక్క బొండాం పుచ్చుకుని వెళ్ళండి."

గాలికి రాలిన లేత బొండాలు ఇంటింటా గుట్టలు పడున్నాయి. ఊరుకుంటే పాడైపోతాయి. వాటికి తోడు తాగడానికి కొత్తల్లుడు కూడా దొరికితే గోదావరి జిల్లాలో ఎవరు వదులుతారు చెప్పండి? అక్కడొకటి తాగారు. పోస్టుమాస్టరుగారైతే కుర్చీ వేసి, కత్తి తెప్పించి, "ఈ చెట్టు నీళ్ళు వేరండి, ఆ చెట్టు నీళ్ళు వేరండి" అంటూ రెండు చెట్లవీ రుచి చూపించారు. ఏ పనిమీద వెళుతున్న మనిషికి ఇన్ని నీళ్ళు పట్టిస్తున్నారో మీకు అర్థమవుతోంది కదా! వెళ్ళేటప్పుడు ఒక విడత, వచ్చేటప్పుడు ఇంకో విడత. ఇంటికొచ్చి కూర్చున్న కాసేపటికే ఆయన మళ్ళీ కండువా వెతుక్కునేవారు.

"బావగారికి ఇరుగుపొరుగంటే ఎంత అభిమానమో!" అన్నాను నేను, అక్కతో. నిజంగానే అన్నాను.

లాంతరు వెలుగులో భోజనాలు, విసనకర్రలు, కిరసనాయిలు కోసం తంటాలు. అన్నింటికీ ఆయనది ఒకటే మాట. "బాగుందండీ." మొహం మాత్రం పూటపూటకీ పీక్కుపోతోంది. మూడోనాడు మధ్యాహ్నం అన్నం దగ్గర నెమ్మదిగా, "మావయ్యగారూ, రేపు పొద్దున్నే బస్సుకి బయల్దేరతానండీ" అన్నారు.

వారం ఉంటానన్న మనిషి! అక్క వడ్డిస్తున్న గరిట అలాగే ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. "ఏదో లోటు జరిగింది. నేనింక మా అత్తగారికి మొహం ఎలా చూపించను?" అని వంటింట్లో కూర్చుని ఏడ్చింది. బావగారు చెయ్యి కడుక్కుని పెట్టె సర్దుకోవడానికి లేచారు. నాకైతే ఏ లోటు జరిగిందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. బల్బు వెలిగింది, ఫ్యాను కదిలింది, రేడియో గురగురమంది. వీధంతా ఈలలు. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడా తీగలో నిజంగానే కరెంటు ఉంటుంది కదా! పెరటి గుమ్మంలోకి పరిగెత్తాను. చూద్దును కదా, బావగారు తీగని రెండు చేతులా పట్టుకుని, నిలువెల్లా ఊగిపోతున్నారు.

షాకు! పట్టుకున్నవాణ్ణి ముట్టుకోకూడదు, ఎండుకర్రతో కొట్టి విడిపించాలని మా కోర్సులో చెప్పారు. ఎండుకర్ర దొరకలేదు. తడిసిన కొబ్బరిమట్ట దొరికింది. రెండు చేతులా ఎత్తి, దేవుణ్ణి తలుచుకుని వీపుమీద ఒక్కటిచ్చాను.

బావగారు బురదలో బోర్లాపడ్డారు. అక్క కెవ్వుమంది. పడుతూ ఆయన లాగిన లాగుడికి తీగ కొమ్మల్లోంచి ఊడొచ్చింది. దాని చివర చెక్క క్లిప్పులు రెండు, వాటికి వేలాడుతూ ఒక తువ్వాలు.

మా బట్టల దండెం!

బావగారు లేచి కూర్చుని, కళ్ళజోడు తుడుచుకున్నారు. "నా తువ్వాలండీ. వచ్చినరోజు సాయంత్రం నేనే ఆరేసేను. చిక్కుకుపోయింది, గుంజుతున్నాను."

"అయితే అది దండెమని మీకు ముందే తెలుసా బాబూ?" అన్నారు నాన్నగారు.

"ఆయ్. మొదటిరోజే తెలుసండి."

"మరి చెప్పలేదేమండీ?" అంది అక్క ఏడుపు గొంతుతో.

"ప్రసాదు గారు అంత శ్రద్ధగా చెబుతున్నారు. అందరిముందూ కాదంటే చిన్నబుచ్చుకుంటారని. ఇంకో నాలుగురోజులైనా ఊరుకుందును గానీ, సాయంత్రానికి ఇంకో గెల దింపిస్తానని పోస్టుమాస్టరుగారు కబురంపేరండి. ఇంక నావల్ల కాదండీ."

మామ్మ నవ్వుతూ గడపమీద కూలబడింది. అక్క ఏడుస్తూనే నవ్వింది. "మరి రేపటి బస్సు?" అని అడిగింది.

"పెరటి దారి తెరుచుకున్నాక ఇంకెందుకు వెళతానండీ?" అన్నారాయన.

నాకు మాత్రం సిగ్గుతో భూమిలోకి దిగిపోవాలనిపించింది. నా పరువు కాపాడడానికి ఒక మనిషి మూడురోజులు ఊరి బొండాలన్నీ తాగాడు. ఆయన వీపుమీద వాత పెట్టి నేను రుణం తీర్చుకున్నాను. ఆ క్షణం నుంచి నాకు ఆయనంటే ప్రాణం.

అక్కడే, ఆ బురదలోనే నిలబడి గంభీరంగా ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో మళ్ళీ కొత్తల్లుణ్ణి కొట్టను. ఒకవేళ తప్పనిసరై మట్ట ఎత్తాల్సి వస్తే, ముందు చేతులు కట్టుకుని "ఏమండీ, తమరికి షాకు కొట్టిందా అండీ?" అని అడిగి, ఆయన "ఆయ్" అన్నాకే కొడతాను.