ఫోర్‌మన్ ఇంగ్లీషుకి నేను చేసిన మరమ్మతు

గల్ఫ్‌లో, బౌషర్ అనే చోట మేము కడుతున్న అపార్ట్‌మెంట్ల సైట్‌లో నా ఉద్యోగం కాగితాలు టైపు చేయడం. ఎవరూ అప్పగించకుండానే ఇంకో ఉద్యోగం కూడా నెత్తిన వేసుకున్నాను, అందరి ఇంగ్లీషూ దిద్దడం. గుంటూరు జిల్లాలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న వ్యాకరణం మరి, ఊరికే వదిలేస్తే నా అరచేతులు ఒప్పుకోవు.

నాకు ఎక్కువ పని పెట్టింది మా ఫోర్‌మన్. అసలు సిసలు ఇంగ్లీషువాడు, ఆ దేశంలో ఉత్తరాన ఏదో బొగ్గుగనుల ఊరివాడు. ఆయన నోట్లో భూతకాలం పడిందా, ఇక అంతే సంగతులు. 'ఐ సా' అనాల్సిన చోట 'ఐ సీన్' అంటాడు. 'ఐ డిడ్' బదులు 'ఐ డన్'. 'వుయ్ వర్' అనే మాట ఆయన నోట ఒక్కనాడూ వినలేదు, ఎప్పుడూ 'వుయ్ వజ్'. ఇంగ్లీషు పుట్టిన గడ్డ మీదే ఇంగ్లీషుకు ఈ గతి పట్టిందేమిటా అని రూమ్‌లో పప్పు తాలింపు వేస్తూ బాధపడేవాణ్ణి. మా ఊళ్లో తాతల నాటి నుంచీ ఇలాగే మాట్లాడతామని ఆయన ఒకసారి చెప్పాడు. తాతలు తప్పు చేస్తే మనవళ్లు దిద్దుకోవద్దా అని మనసులో అనుకుని, పైకి మాత్రం ఎస్ సర్ అన్నాను.

ఒకరోజు మూడో అంతస్తులో బాల్కనీ స్లాబు కింద సెంట్రింగ్ సపోర్టులు గడువుకి రెండు రోజుల ముందే తీసేశారు. స్లాబు కుంగింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. తీసినవాడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన పనివాడు, నలభై దాటిన మనిషి. సొంత తెలివితో తీశాడని తేలితే కంపెనీ వీసా రద్దుచేసి ఇంటికి పంపేస్తుంది.

"సారూ, ఫోర్‌మన్ తియ్యమన్నడు, నేను తీసిన. గంతే," అన్నాడు నా దగ్గరికొచ్చి.

వాళ్లిద్దరి మధ్య నడిచే భాష చిత్రంగా ఉండేది. ఆయన తన ఇంగ్లీషు మాట్లాడితే ఇతను సగం హిందీలో, సగం తెలుగులో జవాబిచ్చేవాడు, మధ్యలో ఇద్దరూ 'ఖలాస్' అనుకునేవారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదని ఏనాడూ అనుకోలేదు. వాళ్ల మాటలు వింటూ ఇబ్బంది పడింది నేనొక్కణ్ణే.

ఫోర్‌మన్ మాట తప్పే మనిషి కాదు. మర్నాడు సెలవు మీద ఊరెళ్తూ పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాసి నా టేబుల్ మీద పెట్టాడు. సపోర్టులు నేనే చూశాను, తియ్యమని నేనే చెప్పాను, అతను చెప్పిందే చేశాడు, తప్పు నాది. ఇదీ విషయం. నాలుగు వాక్యాల్లో ఐదు తప్పులు! ఒక మనిషి బతుకు నిలబెట్టే కాగితం ఇలా తల దువ్వుకోకుండా మేనేజర్ ముందుకు వెళ్లడమా? సీన్‌లూ డన్‌లూ పీకేసి, వాటి స్థానంలో హ్యాడ్ బీన్‌లూ దేర్‌ఫోర్‌లూ తొడిగి, పేజీన్నర చేశాను. ఆయన టాక్సీ ఎక్కే తొందరలో చదవకుండానే సంతకం పెట్టాడు. పెన్సిల్ కాగితాన్ని మిషన్‌లో వేసి ముక్కలు చేశాను. అది ఫైల్లో ఉంటే నాకు నామోషీ.

మేనేజర్ చదివి కళ్లద్దాలు తీశాడు. "ఎనిమిదేళ్లుగా ఆయనతో పనిచేస్తున్నాను. ఇందులో ఒక్క మాటా ఆయనది కాదు. నువ్వూ ఆ పనివాడూ ఒకే భాషవాళ్లు కదా, నువ్వే అల్లి సంతకం పెట్టించావు," అన్నాడు. అసలు కాగితం ఏదని అడిగాడు. చెప్పాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది నా గురించే కాబోలు. తప్పుల్లేకుండా రాసినందుకు దొంగనయ్యాను.

ఫోర్‌మన్ ఫోన్ పలకలేదు. గురువారంలోగా పనివాడి సొంత వాంగ్మూలం తెమ్మన్నాడు మేనేజర్, తెలుగులోనైనా సరేనన్నాడు. లేకపోతే అతనికి ఇంటికి టికెట్టే.

అన్నం వేళ అతన్ని నా ముందు కూర్చోబెట్టుకుని జరిగిందంతా దాచకుండా చెప్పాను. నీ ఉద్యోగానికి ఎసరు పెట్టింది నేనేనన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. అతను తిట్టలేదు. రాయడం రాదు కాబట్టి తన కథ నోటితో మొదలుపెట్టాడు, నేను రాసుకుంటూ పోయాను.

"ఒక్కసారి సదువు సారూ," అన్నాడు.

చదివాను. 'ఫోర్‌మన్ గారు సపోర్టులు తొలగించమని ఆదేశించగా, నేను తొలగించితిని.'

అతను కాగితాన్ని వేలితో నా వైపు నెట్టాడు.

"గిది నేను జెప్పినట్టు లేదు సారూ. గా డ్రైవర్ భాయ్‌ని పిలుస్త. ఆయనకు శానా సదువు రాదు. జెప్పింది జెప్పినట్టె రాస్తడు."

కంపెనీ బస్సు నడిపే, కడప నుంచి వచ్చిన ఆ డ్రైవర్ గుండ్రని అక్షరాలతో అర పేజీ రాశాడు. తెలుగు తెలిసిన మా స్టోర్‌కీపర్ చదివి అర్థం చెబితే మేనేజర్ చివరిదాకా విన్నాడు. ఈలోగా ఫోర్‌మన్ నుంచి వాయిస్ మెసేజ్ కూడా వచ్చింది, రెండు మాటలూ కలిశాయి. ఉద్యోగం నిలబడింది.

అతను ఇప్పటికీ పొద్దున్నే నమస్తే పెడతాడు, గౌరవంగానే. సెలవు చీటీ రాయించుకోవాలంటే మాత్రం నా టేబుల్ దాటుకుని, ఎండలో బస్సులు ఆగేచోటికి, డ్రైవర్ దగ్గరికి వెళ్తాడు.