కిటికీ ఊచకు కట్టిన జడ

అరవైల చివర్లో, ఎస్సెల్సీ లెక్కల పరీక్షకని రాత్రంతా మేలుకుని, పొద్దున్నే గజపతినగరంలో రైలెక్కాను. కునుకు పడితే లాగి లేపుతుందని ఒక జడను రిబ్బనుతో కిటికీ ఊచకు కట్టుకుని చదువుతున్నాను. ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదు.

ఎదుటి బల్ల మీది ముసలమ్మ లేచి వచ్చి ముడి విప్పేసింది.

"నిన్ను నువ్వే కట్టీసుకున్నావేటే అమ్మా? పడుకో. ఇజీనారం వస్తే నానే లేపుతాను."

"పరీక్షుంది మామ్మా!"

"ఉంటే ఉండనీ. నిద్దర్లేని కళ్లకి అచ్చరాలు ఆనుతాయేటి?"

ఆమె భుజం మీదే నిద్రపోయాను. విజయనగరంలో ఆమె లేపగానే దిగి పరుగెత్తాను. రాత్రి ఎంతకీ తెగని లెక్క హాల్లో ఇట్టే తెగింది.

బయటికొచ్చాక చూసుకుంటే, ఒక జడ విడిపోయి ఉంది. రిబ్బను ఆమె దగ్గరే ఉండిపోయింది. మళ్లీ ఊచకు కట్టుకుంటానని కావాలనే ఇవ్వలేదేమో.

ఆ సాయంత్రం కొత్త రిబ్బను కొనలేదు. పెందలాడే పడుకున్నాను.