రాజోలుకి ఒక్కదాన్నే

రాజోల్లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చింది నాకు. ఉండడానికి హాస్టల్లో గది కూడా ఇస్తామన్నారు. నాకు కళ్ళు కనపడవు. ఆ సంగతి బడివాళ్ళకి పెద్ద అడ్డు కాలేదు గానీ మా అమ్మకి అయింది. ఆఖరికి ఒక షరతు పెట్టింది. కాట్రేనికోన నుంచి ఒక్కదాన్నే రాజోలు వెళ్ళి, కాగితాలిచ్చి, ఒక్కదాన్నే తిరిగొస్తే సోమవారం చేరొచ్చు. లేదంటే ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకోవాలి. నాన్నగారు మాత్రం "వెళ్తుందిలే, దానికేం" అని పొడుం పీల్చుకున్నారు. నాలాంటివాళ్ళెవరైనా ఈ దారిన వెళ్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

పొద్దున్న ఏడింటికి అమలాపురం బస్సెక్కేను. టికెట్ సంగతి ముందే చెప్పేస్తాను. ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఉచితం. మాలాంటివాళ్ళకి రాయితీ ఎప్పట్నుంచో ఉంది. రెండూ కలిపితే ప్రభుత్వమే నాకు ఎదురివ్వాలి. కండక్టరు ఆ ప్రస్తావన తేలేదు.

మా కోనసీమలో చూపులేనివాళ్ళకి దారితో ఇబ్బంది లేదు, మర్యాదతోనే. ఎక్కీ ఎక్కగానే ఒకావిడ నా కర్ర తీసుకుని, భద్రంగా ఉంటుందని పైన సామాన్లతో పెట్టేసేరు. ఇంకొకావిడ నన్ను కూచోబెట్టి, నన్నొదిలేసి నా పక్కావిణ్ణి అడిగేరు, "పుట్టుకతోనేనా అండీ?" అని. పక్కావిడకి నేనెవరో తెలీదు. అయినా "ఆయ్, అలాగే ఉందండీ" అన్నారు. ముమ్మిడివరం దాటేలోపు రెండు జామకాయలూ, ఒక పూతరేకూ తినక తప్పలేదు. ఈ దారిన వచ్చేవాళ్ళు ఖాళీ కడుపుతో బయల్దేరడం మంచిది.

అమలాపురంలో బస్సు మారాలి. ఒకాయన నా రెక్క పట్టుకుని, నేనున్నాను కదా కంగారుపడకండంటూ బస్సెక్కించేసి వెళ్ళిపోయేరు. అది కొత్తపేట బస్సు. ఎక్కడికని అడిగితే కదా! కండక్టర్ని కనుక్కుని, దిగి, ఆయన్ని తిట్టుకుంటూ రాజోలు బస్సు వెతుక్కున్నాను.

బోడసకుర్రు వంతెన మీద గోదారి గాలి కొట్టింది. వెనక సీట్లో ఎవరో తుమ్మేరు. తుమ్మి, "స్తోత్రం ప్ర..." అని సగంలో నోరు నొక్కేసుకున్నారు. తుమ్మితే "స్తోత్రం ప్రభువా" అనకుండా ఉండలేని మనిషి నాకు తెలిసి ఒక్కరే, మా నాన్నగారు. ఒళ్ళు మండిపోయింది. ఆయన వెంట ఉంటే నేను షరతు నెగ్గినట్టా? నిజం చెప్పొద్దూ, ఆ కోపం కింద కాస్త హాయిగానూ ఉంది. దాంతో ఇంకా మండింది. వెనక్కి తిరిగి పలకరిస్తే ఆయన పరువు పోతుందని ఊరుకున్నాను.

బళ్ళో హెడ్‌మిస్ట్రెస్ గారు కాఫీ ఇచ్చి, కాగితాలు తీసుకుని, సోమవారం వచ్చెయ్యమన్నారు. గది మేడమీదట. మెట్ల దగ్గర లైటు లేదు, మీకు ఇబ్బందేమో అని చాలా నొచ్చుకున్నారు. ఫర్వాలేదన్నాను.

మధ్యాహ్నం తిరుగు బస్సులో కర్ర ఎవరికీ ఇవ్వలేదు. వంతెన వచ్చింది, గాలి వచ్చింది, తుమ్ము రాలేదు. పరువు సంగతి మర్చిపోయి "నాన్నగారూ" అని పిలిచేను. వెనక ఎవరూ లేరమ్మా అని ఎవరో చెప్పేరు. అంటే ఇప్పుడు నిజంగానే ఒక్కదాన్ని. అమలాపురంలో కర్రతో మెట్లు తడుముకుంటూ దిగేను. ఎవరో మళ్ళీ రెక్క పట్టుకున్నారు.

"ఆగండి. ముందు నేనెక్కడికి వెళ్ళాలో అడగండి" అన్నాను.

"ఆయ్, ఎక్కడికండీ?"

"కాట్రేనికోన."

నేనే ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచేను. సరైన బస్సే ఎక్కేను.

ముమ్మిడివరం దగ్గర ఫోను మోగింది. నాన్నగారే, గొంతు బాగా తగ్గించి మాట్లాడేరు. నా వెనకే వచ్చేననీ, రాజోలు బస్టాండులో పెదనాన్నగారి వియ్యంకుడు చూసేసి, భోంచేస్తేగానీ కదలనివ్వలేదనీ చెప్పేరు. "కాదంటే బాగుండదు కదమ్మా. ఇప్పుడేమో కాసేపు నడుం వాల్చి వెళ్ళమంటున్నారు" అన్నారు. నవ్వాగలేదు నాకు. ఈ దారి కష్టమైనదేం కాదు, మంచివాళ్ళని తప్పించుకోగలిగితే చాలు.

ఊళ్ళో దిగేసరికి అమ్మ స్టాపులోనే ఉంది. "మీ నాన్నగారేరే?" అనేసి, చటుక్కున ఆగిపోయింది. అంటే పంపింది తనేనన్నమాట.

"రాజోల్లో పడుకోబెట్టేరు" అన్నాను. "నేను సోమవారం వెళ్తున్నాను. ఆయన్ని మాత్రం ఇంకెప్పుడూ ఒంటరిగా పంపకమ్మా."