గేటు నుంచి నలభై రెండు అంగలు

మార్కాపురంలోని మా క్రైస్తవుల సమాధుల తోటలో వానలకు పొరలు రాలి అక్షరాలు పోయిన పలకరాళ్లు ముప్పై ఒకటి. ప్రహరీ కట్టేటప్పుడు పగిలినవి పన్నెండు. మొత్తం నలభై మూడు సమాధులకు పేర్లు లేవు. అందులో ఒకటి మా నాయనది. ఆయన రాయి మీద చెక్కిన సిలువ కూడా రాలిపోయింది. గేటు నుంచి నలభై రెండు అంగలని నాకు చిన్నప్పటి లెక్క. ప్రహరీ కట్టిన రోజుల్లో నేను కురిచేడులో పనిచేస్తున్నాను. తిరిగొచ్చాక ఆ లెక్కతోనే ఏడేళ్లు సమాధుల పండుగకు సున్నం వేశాను.

ఎనిమిదో ఏట బ్రష్షు ముంచుతుంటే ఒక అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

“అది మా ఆయనది నాయనా. రాయి మొదట్లో మట్టి తీసి చూడు, తెరిచిన బైబిలు ఉంటాది.”

తీశాను. చెక్కిన పుస్తకం సగం బయటపడింది.

“ఇన్నేళ్లూ చెప్పకపోతివే అవ్వా?”

“చెప్తే మళ్లీ నేను వంగాలి గదా. గోడ కట్టినప్పుడు గేటు జరిపినారు, నీకు తెల్దా?”

ఎంత జరిపారంటే ముందు ఎనిమిది అంగలంది, కాసేపటికి పన్నెండంది. ఎండలో అటూ ఇటూ కొలుస్తూనే ఉన్నాను. ఆ మధ్యలో పేరులేనివి అయిదు తేలాయి. అయిదింటి మొదట్లోనూ మట్టి తీశాను, ఏ బొమ్మా దొరకలేదు. చివరికి అన్నిటికీ సున్నం వేశాను. వాటిలో నాయన ఉంటే ఆ ఏటిది చెల్లింది. వెనకటి ఏడు పూతలు ఇంకా బాకీ.